ఉల్కకు మైనస్ ఎనిమిది

పై అధికారికి నిజం చెప్పకూడదని మా నాన్న అనేవాడు. ఆయన మునసబు కోర్టులో అమీనాగా ముప్ఫై రెండేళ్లు చేసి, ఒక్క మెమో అయినా తీసుకోకుండా రిటైరైన మనిషి. నేను ఆయన మాట విన్నాను, చాలావరకు పాటించాను కూడా. ఒక్కసారి మాత్రం నిద్రమత్తులో నిజం చెప్పేశాను. ఆ తర్వాత మా జిల్లాలో ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, రికార్డు కోసం.

నా పేరు మద్దిలేటి. కలెక్టరాఫీసులో సీనియర్ అసిస్టెంటును. నాకు పేకాట రాదు, సిగరెట్టు పడదు. ఉన్న వ్యసనమల్లా ఒకటే, ఉల్కలు చూడటం. రాలే చుక్కలంటారే, అవి. చూసి ఊరుకోను, లెక్కపెడతాను. ఊరికి పదకొండు కిలోమీటర్ల దూరంలో ఏనుగుబండ అని ఒక పెద్ద బండ ఉంది. బొంత పరుచుకుని దాని మీద వెల్లకిలా పడుకుంటాను. ఉల్క పడగానే ఆకాశం మీంచి చూపు తిప్పకుండా ఫోనులోకి గట్టిగా చెబుతాను: "ఒకటి. రోహిణంత." అంటే రోహిణి నక్షత్రమంత వెలిగిందని. తెల్లవారాక అవన్నీ ఫారం మీద ఎక్కించి, నాలాంటి పిచ్చివాళ్లు విదేశంలో పెట్టుకున్న ఒక సంఘానికి పంపుతాను. పద్దెనిమిదేళ్లుగా ఒక్క డిసెంబరు కూడా మానలేదు. డిసెంబరులో మిథున రాశి దిక్కు నుంచి పడే ఉల్కలు ఏడాది మొత్తానికి పెద్ద పంట.

మొదటి ఏడాది గంటలో తొంభై ఆరు లెక్కపెట్టాను. పోయినేడాది ఇరవై ఏడు. ఆకాశం తప్పేం లేదు. ఊరి దీపాలు ఏటా బండ దగ్గరకు జరుగుతూ వస్తున్నాయి. ఇంకో నాలుగేళ్లు ఇలాగే పోతే నేను బండ మీద పడుకుని వీధి దీపాలు లెక్కపెట్టుకోవాలి. ఎక్కడైనా ఒక చీకటి ఊరు దొరికితే బాగుండునని రోజూ అనుకునేవాణ్ణి. నా కోరిక అంతే, చీకటి. ప్రభుత్వోద్యోగి ఇంతకన్నా చవకైన కోరిక కోరడం నేనైతే వినలేదు.

అక్టోబరులో ఒక ఉదయం సమీక్షా సమావేశంలో నాకు కన్నంటుకుంది.

"మిస్టర్ మద్దిలేటీ! నిద్రపోతున్నారా?" అన్నారు కలెక్టర్ గారు. వచ్చి మూడు నెలలే అయింది. చిన్న వయసు, మహా ఉత్సాహం. ఆయన సెల్‌ఫోను చూస్తే మా సూపరింటెండెంట్లకు చెమటలు పట్టేవి, అందులోంచి రోజుకో కొత్త పథకం పుట్టేది మరి.

బీపీ మాత్ర వేసుకున్నానని చెబితే పోయేది. "రాత్రి ఉల్కలు చూశాను సార్" అన్నాను.

"ఎన్ని చూశారు?"

"ఇరవై మూడు సార్."

"టార్గెట్ ఎంత?"

"టార్గెట్ ఉండదు సార్. ఎన్ని పడితే అన్ని."

కలెక్టర్ గారు కళ్లజోడు తీశారు. "టార్గెట్ లేకుండా అవి ఎలా పడుతున్నాయి?" అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు.

ఆయన వెంటనే ఫోను తీసి వెతికారు. డిసెంబరులో గంటకు నూట ఇరవై పడతాయని అందులో ఉంది. "మన జిల్లాలో గ్రామాలెన్ని?" అన్నారు. పక్కనే కూర్చున్న ముఖ్య ప్రణాళికాధికారి పరాంకుశం గారు క్యాలిక్యులేటర్ నొక్కేశారు. పరాంకుశం గారి గురించి ఒక్క మాట చెప్పాలి. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆయన కిటికీలోంచి బయటికి చూడటం ఎవరూ చూడలేదు. జిల్లాలో వాన పడిందో లేదో కూడా ఆయనకు ఫైలు మీదే తెలియాలి.

"నాలుగు వందల పన్నెండు ఇంటూ నూట ఇరవై. నలభై తొమ్మిది వేల నాలుగు వందల నలభై సార్. గంటకు."

"అద్భుతం! రాష్ట్రంలో ఎవరికైనా ఈ ఆలోచన వచ్చిందా?" అన్నారు కలెక్టర్ గారు.

రాలేదని అందరూ ఏకకంఠంతో ధ్రువీకరించారు.

నాకు మెలకువ పూర్తిగా వచ్చేసింది. "సార్, ఆ నూట ఇరవై కటిక చీకట్లో, నడినెత్తిన రాశి ఉన్నప్పటి లెక్క. పైగా ఒకే ఉల్క పక్క ఊరివాళ్లకు కూడా కనిపిస్తుంది..."

"అంటే డూప్లికేట్లు!" అని పరాంకుశం గారు కుర్చీలోంచి లేచారు. "సార్, ఇది చాలా సీరియస్. ఒకే ఉల్కను రెండు మండలాలు క్లెయిమ్ చేస్తే రేపు ఆడిట్‌లో మనం సమాధానం చెప్పుకోవాలి."

గంటన్నర చర్చించి, ఉల్క ఏ మండలం మీద వెలిగినా, ఆరిపోయిన మండలానికే చెందుతుందని తీర్మానించారు. సరిహద్దు మీద ఆరిపోతే ఇద్దరు తహసీల్దార్లూ ఉమ్మడి సర్వే చేయాలి.

ఇక కాంతి విషయం. ఉల్క వెలుగును ఎలా కొలుస్తారని కలెక్టర్ గారు అడిగారు. తెలిసిన నక్షత్రంతో పోలుస్తామని చెప్పాను. రోహిణంత ఉంటే ఒకటి. ధ్రువుడంత ఉంటే రెండు. ఆనీ ఆననట్టు మిణుక్కుమంటే ఆరు. బాగా వెలిగితే సున్నా, అంతకన్నా గొప్పగా వెలిగితే మైనస్. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువన్న మాట. కలెక్టర్ గారు పెద్ద చదువులు చదివినవారు, ఒక్కసారికే అర్థం చేసుకున్నారు. ఆయనకు అర్థం కాలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అర్థం కానిది డ్యాష్‌బోర్డుకు. జిల్లాలో ఏ పని జరిగినా ఎక్కించడానికి రాజధాని నుంచి పంపిన డ్యాష్‌బోర్డు అది. ఇంకుడు గుంతలైనా, పశువుల టీకాలైనా దానికి ఒకటే నీతి. అంకె పెరిగితే ఆకుపచ్చ. తగ్గితే ఎరుపు. మైనస్ వచ్చిందా, జిల్లా పటమంతా ఎర్రగా కొట్టుకుంటూ అంబులెన్సులా కూస్తుంది.

"దాన్ని తిరగేయడం కుదరదా సార్?" అని పరాంకుశం గారిని అడిగాను.

"అది పైనుంచి వచ్చిందయ్యా."

"నక్షత్రాలు ఇంకా పైనుంచి కదా సార్ వచ్చాయి!"

"సీనియారిటీ ఉండొచ్చు. కానీ వాటికి మన మీద కంట్రోలింగ్ అధికారం లేదు" అన్నారాయన.

అలా 'ఉల్కా వీక్షణ మహోత్సవం' పుట్టింది. నన్ను నోడల్ అధికారిని చేశారు. సర్క్యులర్ నా చేతే రాయించారు. పాపం ఊరికే పోదు కాబట్టి ఇక్కడ కొంచెం రాస్తున్నాను.

"ప్రతి గ్రామమునందు త్రిసభ్య కమిటీ ఏర్పాటు చేయవలెను. ఉల్క పడిన వెంటనే దానిని కనీసము మూడు నక్షత్రములతో పోల్చి తులనాత్మక పట్టిక తయారుచేయవలెను. సదరు ఉల్క పూర్తిగా ఆరిపోక మునుపే ముగ్గురు సభ్యులును ఏకాభిప్రాయమునకు వచ్చి సంతకములు చేయవలెను. ఉల్కతో కూడిన కమిటీ ఫోటో ఫ్లాష్ వెలుగులో తీసి అప్‌లోడ్ చేయవలెను. మబ్బుల నెపముతో లక్ష్యము చేరకపోవుట తీవ్రముగా పరిగణించబడును."

ఉల్క పడటానికి పట్టేది అర సెకను. ఆ మాట చెబితే, "అందుకే కదా పటిష్ఠమైన పర్యవేక్షణ అవసరం" అన్నారు పరాంకుశం గారు.

మండలాల నుంచి సందేహాలు వచ్చిపడ్డాయి. కమిటీ సభ్యుడు ఆ క్షణంలో తుమ్మితే ఏం చేయాలి? ప్రత్యామ్నాయ సభ్యుణ్ణి నియమించుకోవాలి. రోహిణి నక్షత్రం తమ మండలంలో లేదు, పక్క మండలంలో కనిపిస్తోంది, వాడుకోవచ్చా? వారి అనుమతి పత్రం జతపరచి వాడుకోవచ్చు. ఇవన్నీ నేనే రాశాను. అక్షరాలు కుదురుగానే వచ్చాయి. ఎంతైనా పాత సర్వీసు.

నవంబరు చివర్లో రిహార్సల్ పెట్టారు. ఒక మండలంలో ఎవరో అమాయకుడు నిజంగానే రాత్రంతా కూర్చుని, నాలుగు ఉల్కలు చూసి, అన్నీ రోహిణంత అని 'ఒకటి' వేశాడు. ఆ మండలం ఎర్రబడింది. పొద్దున పదిన్నరకల్లా సంజాయిషీ మెమో పోయింది: "ఒకటితో సరిపెట్టుకోవడం మీ నిర్లక్ష్య ధోరణికి నిదర్శనం." మరుసటి రాత్రి జిల్లా అంతటా ఒక్క ఉల్క కూడా ఆరుకు తగ్గలేదు. పటం వరి మడిలా పచ్చబడింది.

ఒక మండలాధికారి నాకు ఫోను చేశాడు. "మద్దిలేటి గారూ, ఆరుకన్నా ఎక్కువ వేయొచ్చా?"

"ఆరు దాటితే మనిషి కంటికి కనిపించదు సార్."

"అట్లనా? అయితే ఏడు వేస్తాండా."

ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది.

ఇంతవరకూ నేను నవ్వుకున్నాను. అబద్ధం చెప్పను. ఇంటికొచ్చి మా ఆవిడ సుంకులమ్మకు చెబితే ఆమె కడుపు పట్టుకుని నవ్వేది. "ఏమయ్యా, నీ పిచ్చి జిల్లాకంతా అంటిచ్చినావే" అనేది. అసలు దెబ్బ డిసెంబరు పదమూడున తగిలింది. మహోత్సవం ప్రధాన వేదిక ఏనుగుబండ అన్నారు. నా ఏనుగుబండ!

సాయంత్రం పోయి చూశాను. బండ చుట్టూ పన్నెండు ఫ్లడ్ లైట్లు. మధ్యలో ఆకాశానికి పొడుచుకుపోయినట్టు ఒక హైమాస్ట్ స్తంభం. బండ మీద షామియానా. షామియానా సార్! ఉల్కలు చూసే చోట పైకప్పు! మంచు పడుతుంది కదా, అతిథులకు జలుబు చేస్తుందట.

కరెంటు ఇంజనీరు కాళ్లావేళ్లా పడ్డాను. పది నిమిషాలు ఆర్పమన్నాను.

"జనం వస్తాండారు. పామో తేలో కుడితే నేను సస్పెండైపోతాను. ఐనా చూడనీకి వచ్చినోళ్లకు వెలుతురు లేకుంటే ఎట్ల సార్ కనపడేది?" అన్నాడాయన.

ఆ పక్కనే గొర్రెలు తోలుకుపోతున్న ఒక ముసలమ్మ నిలబడి, చెయ్యి నొసట అడ్డం పెట్టుకుని పైకి చూసింది. "ఏం సారూ, మనం సుక్కల్ని చూడల్నా, సుక్కలు మనల్ని చూడల్నా?" అంది. జిల్లా యంత్రాంగం మొత్తంలో ఎవరికీ తట్టని ప్రశ్న అది. ఆమెను వలంటీర్లు పక్కకు పంపేశారు.

రాత్రి పదకొండింటికి రెండు వేల మంది జనం. కలెక్టర్ గారు మైకు అందుకున్నారు. గ్రామాల నుంచి లెక్కలు వచ్చిపడుతున్నాయి. పదకొండున్నరకు నలభై తొమ్మిది వేల నాలుగు వందల నలభై దాటేసింది, సగటు కాంతి ఆరు పాయింట్ రెండు. మమ్మల్ని చూసి మిగతా జిల్లాలూ మొదలుపెట్టాయి గానీ, రాష్ట్రంలో మొదటి స్థానం మాదే. నేను బండ అంచున నిలబడి ఆకాశంలో రోహిణి కోసం వెతికాను. కనిపించలేదు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి రోహిణే కనిపించలేదు. ఏడుపొచ్చింది.

అప్పుడు పడింది సార్.

కలెక్టర్ గారు జనం వైపు తిరిగి, "చీకటిని పారదోలి..." అంటున్నారు. ఆయన వెనకాల తూర్పు నుంచి పడమటికి, ఆ పన్నెండు ఫ్లడ్ లైట్లనూ వెలవెలబోయేట్టు చేస్తూ, పచ్చగా, తెల్లగా, చివర్లో ముక్కలైపోతూ ఒకటి పోయింది. హైమాస్ట్ స్తంభానికే నీడ పడింది. రెండు వేల మందీ "అబ్బా!" అన్నారు. చప్పట్లు కొట్టారు. కలెక్టర్ గారు పొంగిపోయి, "చీకటిని పారదోలి..." అని మళ్లీ మొదటినుంచీ చెప్పారు.

నా నోరు నా ప్రమేయం లేకుండానే పలికింది: "ఒకటి. మైనస్ ఎనిమిది."

అది పద్దెనిమిదేళ్ల అలవాటు. చేతిలో ఫోను ఉంది, ఫోనులో డ్యాష్‌బోర్డు తెరిచి ఉంది. ఏనుగుబండ, వీక్షకుడు మద్దిలేటి, ఉల్కలు ఒకటి, కాంతి మైనస్ ఎనిమిది. నొక్కేశాను.

వేదిక మీద పెట్టిన పెద్ద తెర మొత్తం ఎర్రబడి కూయడం మొదలుపెట్టింది. అంబులెన్సు వచ్చిందనుకుని జనం పక్కకు జరిగి దారిచ్చారు. నాలుగు నిమిషాల్లో రాజధాని నుంచి ఫోను. మొదటి స్థానంలో ఉన్న జిల్లా కింది నుంచి రెండో స్థానానికి పడిపోయింది. దానికన్నా కింద ఉన్న జిల్లాలో ఆ రాత్రి వాన పడిందట, వాళ్లు ఏమీ రాయలేదట.

మర్నాడు విచారణ. పరాంకుశం గారి గది, తలుపు వేసి, కిటికీ తెర దించి.

"మద్దిలేటీ, మీ సర్వీసు రికార్డు చూశాను. మచ్చ లేదు. ఏదో చెయ్యి జారి మైనస్ గుర్తు పడిందని రాసివ్వండి. ఎనిమిది అని సవరిద్దాం."

"సార్, ఎనిమిది అంటే కంటికి కనిపించని ఉల్క సార్!"

"మంచిదే కదా. కనిపించని దానికి రుజువు ఎవరూ అడగరు."

"రెండు వేల మంది చూశారు సార్. మీరూ అక్కడే ఉన్నారు."

"నేను తెర వైపు చూస్తున్నాను. తెర మీద ఏమీ పడలేదు" అన్నారాయన, చాలా నిజాయితీగా.

నాకు ఒళ్లు మండిపోయింది. పద్దెనిమిదేళ్లు! ఒక్క ఫారంలో ఒక్క అంకె దిద్దలేదు. అరవై పడితే అరవై రాశాను, మబ్బు పట్టి సున్నా వస్తే సున్నా రాశాను. జీవితంలో చూసిన అన్నింటికన్నా గొప్ప ఉల్కను కనిపించనిదని రాసివ్వాలా? "రాయను సార్. ఉద్యోగం తీసేసుకోండి, గుర్తు మాత్రం తియ్యను" అని లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చేదాకా ధైర్యంగానే ఉన్నాను.

మూడో రోజు బదిలీ ఉత్తర్వు వచ్చింది. పాలనా కారణాల రీత్యా, నల్లగుట్టకు.

నల్లగుట్ట అంటే మీకు తెలియదు. మా జిల్లాలో అల్లరి చేసే పిల్లలకు బూచాణ్ణి చూపించరు, అల్లరి చేసే ఉద్యోగులకు నల్లగుట్టను చూపిస్తారు. అడవి అంచు. రోజుకు ఒకే బస్సు. ఫోను సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. వీధి దీపాలు మంజూరై ఆరేళ్లయింది, స్తంభాలు ఇంకా రాలేదు.

మళ్లీ చదవండి. వీధి దీపాలు లేవు!

ఉత్తర్వు చేతిలో పట్టుకుని బాత్‌రూములోకి పోయి, గడియ పెట్టుకుని నవ్వాను. ఎగిరాను కూడా. నలభై ఎనిమిదేళ్ల వయసులో, కలెక్టరాఫీసు బాత్‌రూములో. రోహిణి, ఆర్ద్ర, కృత్తికలో ఆరు చుక్కలూ విడివిడిగా కనిపించే ఊరు! బండ కోసం పదకొండు కిలోమీటర్లు పోనక్కర్లేదు. మిద్దె ఎక్కితే చాలు.

సుంకులమ్మ కూడా సంతోషించింది. "ఏడ్సినట్టుంది గానీ, మంచిదేలే. రాత్రిపూట మొగుడు బండల మీద పండుకుంటాండాడని ఊర్లో చెప్పుకోనీకి నాకు సిగ్గయితాండాది. ఆడైతే మన మిద్దె మీదే ఉంటావు" అంది.

ఆ సాయంత్రం మా ఉద్యోగుల సంఘం నాయకుడు ఓబులేసు వచ్చాడు. నన్ను చూసి అదిరిపడ్డాడు.

"ఏంన్నా, నల్లగుట్టకు వేస్తే నవ్వుతాండావు?"

"పోతాను ఓబులేసూ. రేపే రిలీవ్ అవుతాను."

"నీకేమన్నా పిచ్చా?" అని తలుపు దగ్గరగా వేశాడు. "ఇంతవరకూ ఏడవకుండా నల్లగుట్టకు పోయినోడు లేడు. నువ్వు ఒక్క అర్జీ గూడా పెట్టకుండా నవ్వుకుంటా పోతే పైవాళ్లకు అనుమానం రాదా? ఆడ వీనికేదో లాభముందని ఆర్డరు క్యాన్సిల్ చేసి పారేస్తారు. శిక్ష అన్యాక శిక్ష మాదిరి తీసుకోవల్ల. ఒక అర్జీ పెట్టు, ఒక దినం ఏడువు, వాళ్లు కుదరదంటారు. అప్పుడు పో."

మాట సబబుగానే ఉంది. మా ఆఫీసులో అది ఆచారం. బదిలీ అయినవాడు రద్దుకు అర్జీ పెడతాడు, పెద్దలు తిరస్కరిస్తారు, అందరూ టీ తాగుతారు. ఇరవై రెండేళ్లలో రద్దైన బదిలీని నేను చూడలేదు.

అర్జీ సుంకులమ్మే రాసింది. నాకు ఆఫీసు భాష తప్ప రాదని ఆమె అభిప్రాయం. "నా భర్తకు చిన్నప్పటి నుంచి చీకటంటే భయం. రాత్రిళ్లు దీపం లేకుంటే నిద్రపోడు. పొద్దుగూకితే కళ్లు సరిగా ఆనవు. ఆ ఊరికి పంపితే నాకు దక్కడు" అని రాసింది. కళ్లు ఆనవన్న మాట దగ్గర నాకు రోషం వచ్చింది గానీ, దిగమింగుకున్నాను.

సోమవారం గ్రీవెన్సులో కలెక్టర్ గారి ముందు నిలబడ్డాం. నేను తల వంచుకుని శిక్ష మాదిరి నిలబడ్డాను. సుంకులమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. ముందు సన్నగా మొదలుపెట్టింది. తర్వాత ఏం గుర్తొచ్చిందో ఏమో, బోరుమంది. వరసలో ఉన్న పింఛన్ల అవ్వలు కూడా అందుకున్నారు. బంట్రోతు కళ్లు తుడుచుకున్నాడు. అర్జీ సగం చదివేసరికి కలెక్టర్ గారు పెన్ను అందుకున్నారు.

అప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. 'వద్దు వద్దు' అని సుంకులమ్మ మోచేయి గిల్లాను. ఇంకా గట్టిగా ఏడవమంటున్నానని అనుకుంది ఆ ఇల్లాలు.

"మిస్టర్ మద్దిలేటీ, ఇంత భయం పెట్టుకుని పద్దెనిమిదేళ్లు చీకట్లో పనిచేశారా?" అన్నారు కలెక్టర్ గారు. "మానవతా దృక్పథంతో మీ బదిలీని రద్దు చేస్తున్నాను. అంతే కాదు. ఏనుగుబండ దగ్గర శాశ్వత ఉల్కా వీక్షణ కేంద్రం పెడుతున్నాం, దానికి మీరే ఇన్‌చార్జి. లైట్లు తీయించడం లేదు, ఇంకో ఇరవై వేయిస్తున్నాను. ఇక మీ జీవితంలో చీకటన్నది ఉండదు."

హాలంతా చప్పట్లు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఏమిటో ఆ చప్పట్లలో నిలబడి తెలుసుకున్నాను. కృతజ్ఞతలు కూడా చెప్పాను, చెప్పాలి కాబట్టి.

నల్లగుట్టకు ఒకరిని పంపుతున్నామని రాజధానికి అప్పటికే రాసేశారు. పేరు మారితే ఫరవాలేదు గానీ మనిషి పోకపోతే కుదరదు. నాపై పర్యవేక్షణ లోపించిందన్న కారణంతో పరాంకుశం గారిని ప్రత్యేకాధికారిగా వేశారు. ఆయన ఏడ్చి అర్జీ పెట్టుకున్నారు. మానవతా దృక్పథం ఆ వారానికి అయిపోయిందని తిరస్కరించారు.

నేనిప్పుడు రోజూ రాత్రి ఏనుగుబండ మీద ముప్ఫై రెండు లైట్ల కింద కూర్చుంటున్నాను. బొంత తీసుకుపోవడం మానేశాను. జనవరి మొదటి వారంలో ఒక రాత్రి ఫోను మోగింది. పరాంకుశం గారు. రొప్పుతున్నారు, గుట్ట ఎక్కి చేసినట్టున్నారు.

"మద్దిలేటీ, ఇక్కడ ఆకాశంలో ఏదో జరుగుతోందయ్యా. నిమిషానికొకటి రాలుతోంది. ఎక్కడ చూసినా చుక్కలే, సందు లేదు. ఇంతకుముందు కూడా ఇన్ని ఉండేవా?"

"ఉండేవి సార్" అన్నాను.

"ఇందాక ఒకటి పడింది. నా నీడ బండ మీద పడిందయ్యా! రాత్రిపూట! నేను... నేను కాసేపు కూర్చుండిపోయాను. యాభై ఆరేళ్లొచ్చాయి నాకు. ఇట్లాంటివి ఉంటాయని ఎవరూ చెప్పలేదేం?"

ఎవరు చెప్పాలి సార్, నేను చెబితే వినింది ఎవరు సార్ అని అడగాలనిపించింది. కానీ ఆయన మాట విన్నాక కోపం నిలవలేదు. కళ్లు మూసుకున్నాను. ఆ నీడ, ఆ బండ, ఆ వెలుగు, నాకు రావలసినవన్నీ కళ్ల ముందు కదిలాయి.

"నీడ బాగా స్పష్టంగా పడిందా సార్?"

"వేళ్లు లెక్కపెట్టొచ్చు."

"అయితే మైనస్ ఎనిమిది సార్. ఇంకా ఎక్కువే ఉండొచ్చు."

అవతల ఫారం తీస్తున్న చప్పుడు వినిపించింది.

"మైనస్ ఎందుకులే మద్దిలేటీ," అన్నారాయన, "ఆరు వేసుకుంటాను."